బరువులూ కండరాలూ: అపోహలు – వాస్తవాలు

తన మీద పడిన బరువు ఎన్ని కిలోలో కండరానికి తెలియదు. పోగుల మీద ఎంత లాగుడు పడింది, వాటిలో ఎన్ని పనిలోకి దిగాయి, ఎంత అలసిపోయాయి అన్నదాన్ని బట్టే అది మారుతుంది. బరువుల వ్యాయామం మీద ప్రచారంలో ఉన్న అపోహల్లో చాలావరకు ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: రోజూ బస్తాలు మోసేవారికి వేరే వ్యాయామం అక్కర్లేదు.

పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చిన కేసముద్రం వ్యవసాయ మార్కెట్‌కు సీజన్‌లో వడ్లు, మక్కలు, పసుపు బస్తాలకెత్తి వస్తాయి. వాటిని దించడం, కాంటా మీదికి చేర్చడం, లారీకెక్కించడం హమాలీల పని. ఇలాంటి పనిలో కొత్తగా చేరినవారి కాళ్లు, నడుము, భుజాలు మొదట్లో గట్టిపడతాయి. కొంతకాలానికి ఆ ఎదుగుదల ఆగిపోతుంది. బస్తా బరువు మారదు కాబట్టి, దాన్ని మోయడానికి సరిపడా బలం వచ్చాక ఇంకా పెంచుకోవలసిన అవసరం శరీరానికి ఉండదు. వ్యాయామం చేసేవారు బరువునో, ఎత్తే సార్లనో కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. అలసిన కండరానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇస్తారు. హమాలీకి ఈ రెండూ దొరకవు. సరుకు ఎక్కువ వచ్చిన రోజు ఎక్కువ మోయాల్సిందే, నిన్నటి అలసట తీరినా తీరకున్నా. కండరం తట్టుకున్నా ఆ భారం వెన్నుపూసల మధ్య డిస్కుల మీద, మోకాళ్ల మీద పడుతూనే ఉంటుంది. మగవారు చేతులతో మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. ఇంతటి మోతను కసరత్తు అని మెచ్చుకుంటే, మోసేవారి నడుం నొప్పి ఎవరి కంటా పడకుండా పోతుంది.

అపోహ: పెద్ద బరువులు ఎత్తితేనే కండ పెరుగుతుంది.

ఒక్కో నాడీకణం కొన్ని కండర పోగులను కలిపి నడిపిస్తుంది. ఈ జట్టును మోటార్ యూనిట్ అంటారు. తేలికపాటి పనికి చిన్న యూనిట్లు మాత్రమే కదులుతాయి. అవి అలసేకొద్దీ, లేదా బరువు పెరిగేకొద్దీ, పెద్ద యూనిట్లు పనిలోకి దిగుతాయి. పెద్ద బరువు ఎత్తినప్పుడు దాదాపు అన్నీ మొదటినుంచే కదులుతాయి. చిన్న బరువునైనా ఇక ఎత్తలేననేదాకా ఎత్తితే చివరికి అవన్నీ కదలక తప్పదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనం దీన్ని బలపరిచింది. అప్పటికే వ్యాయామం అలవాటున్న 49 మంది యువకుల్లో ఒక జట్టు తేలిక బరువును సెట్‌కు 20–25 సార్లు, మరో జట్టు పెద్ద బరువును 8–12 సార్లు, పూర్తిగా అలసిపోయేదాకా ఎత్తారు. 12 వారాల తర్వాత రెండు జట్లలోనూ కండ పెరుగుదల ఇంచుమించు ఒకేలా ఉంది.

అలాగని పెద్ద బరువులు వృథా కావు. ఒక్కసారికి ఎత్తగలిగే గరిష్ఠ బరువును పెంచుకోవాలంటే పెద్ద బరువులతో సాధన చేయడమే మేలు. తేలిక బరువుతో సగంలో ఆపేసేవారికి మాత్రం ఆశించినంత కండ రాదు.

అపోహ: బలం పెరిగిందంటే కండ పెరిగినట్టే.

కొత్తగా మొదలుపెట్టినవారికి తొలి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ భాగం నాడీమండలం నేర్చుకున్నదే. మెదడు ఎక్కువ పోగులను ఒకేసారి కదిలించడం, అడ్డుపడే కండరాలను సడలించడం అలవాటు చేసుకుంటుంది. కంటికి కనిపించే కండ ఆ తర్వాత వస్తుంది. వెయిట్‌లిఫ్టర్లు ఒకే శరీర బరువు విభాగంలో ఉంటూ ఏటికేడు ఎక్కువ ఎత్తగలగడానికి ఇదొక ముఖ్య కారణం. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఆ బలంలో కండ ఎంతో, ఏళ్ల తరబడి సాధనతో కుదిరిన వేగం, ఒడుపు అంత.

అపోహ: మర్నాడు నొప్పి ఉంటేనే వ్యాయామం పనిచేసినట్టు, ఆ నొప్పి లాక్టిక్ ఆమ్లం వల్లే.

రక్తంలో పెరిగిన లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం రక్తంలో ఉండే రూపం) వ్యాయామం ముగిసిన గంట, గంటన్నరలో మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. అలవాటు లేని పనిలో, ముఖ్యంగా కండరం సాగుతూ బరువును ఆపినప్పుడు, పోగుల్లో కలిగే సూక్ష్మ గాయాలు, వాటి చుట్టూ వచ్చే వాపు దీనికి కారణం. బరువును నెమ్మదిగా దించడం, మెట్లు దిగడం ఇలాంటి పనులే. అదే పని కొద్ది రోజుల తర్వాత మళ్లీ చేస్తే నొప్పి చాలా తగ్గుతుంది. నొప్పి లేకపోయినా కండరం ఎదుగుతూనే ఉంటుంది.

అపోహ: పొట్ట వ్యాయామాలతో పొట్ట కరుగుతుంది, వ్యాయామం మానేస్తే కండ కొవ్వుగా మారుతుంది.

పొట్ట వ్యాయామాలు అక్కడి కండరాన్ని గట్టిపరుస్తాయి. దానిపై ఉన్న కొవ్వు మాత్రం శరీరమంతటా తగ్గినప్పుడే తగ్గుతుంది. కండ, కొవ్వు వేర్వేరు కణజాలాలు. ఒకటి మరొకటిగా మారదు. మానేసిన తర్వాత కండ తగ్గుతుంది, తిండి తగ్గకపోతే కొవ్వు చేరుతుంది.

అపోహ: బరువులు స్త్రీలకు, వృద్ధులకు పనికిరావు.

స్త్రీలలో కండను పెంచే టెస్టోస్టెరాన్ హార్మోన్ పురుషులకంటే ఎన్నో రెట్లు తక్కువ. అందువల్ల మామూలు వ్యాయామంతో మగవారిలా కండలు తిరగవు, ఎముకలకు మాత్రం బలం చేకూరుతుంది. వృద్ధుల విషయంలో 1990లో అమెరికాలోని బోస్టన్ నుంచి వచ్చిన అధ్యయనం అందరూ తెలుసుకోదగినది. వృద్ధాశ్రమంలో ఉంటున్న 86–96 ఏళ్లవారు వైద్యుల పర్యవేక్షణలో 8 వారాలు బరువులతో సాధన చేస్తే, వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

అపోహ: ప్రొటీన్ పొడి లేనిదే కండ రాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడులు వాడవద్దని సూచించింది. పెద్దవారికి రోజుకు ప్రతి కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. బరువుల వ్యాయామం చేసేవారికి కూడా 1.6 గ్రాములు దాటితే అదనంగా ఒరిగేది పెద్దగా ఉండదు. పప్పులు, పల్లీలు, గుడ్లు, పాలు, చేపలు, మాంసం సరిపడా తింటే ఈ ప్రొటీన్ అందుతుంది.