పావురపు రెట్ట - అందలి బూజు

పక్షులు తమ రెక్కల మీదను, కాళ్ళ మీదను, కడుపులోను పలువిధములైన శిలీంధ్రములను, అనగా బూజు జాతి జీవులను, మోసికొని తిరుగుచుండును. వీనిలో పెక్కు మనకు హాని చేయునవి కావు. రాలిన ఈకను మట్టిలో కలుపునవి ఇవియే. ఇవి లేనిచో పల్లెలలో కొంగలు వ్రాలు చెట్ల క్రింద ఈకలు గుట్టలుగా పడియుండెడివి. కొన్నింటి విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. అట్టివానిలో ముఖ్యమైనది క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ అను సూక్ష్మశిలీంధ్రము.

1894లో ఇటలీ దేశమున సాన్‌ఫెలిచే అను శాస్త్రజ్ఞుడు పీచ్ పండ్ల రసమునుండి దీనిని వేరుచేసెను. అదే సంవత్సరమున జర్మనీలో బుస్సె అను వైద్యుడు ఒక స్త్రీ కాలియెముకలోని వ్రణమునందు దీనిని కనుగొనెను. పండ్లరసమున ఉన్నది మనుష్యుని యెముకలోనికి ఎట్లు వచ్చెనో చాలకాలము తెలియలేదు. 1955లో అమెరికా శాస్త్రజ్ఞుడు చెస్టర్ ఎమ్మన్స్ పావురముల గూళ్ళలోను, రెట్టలోను ఇది సమృద్ధిగా నుండుటను చూపెను.

ఆశ్చర్యమేమనగా, పావురమునకు దీనివలన సాధారణముగా జబ్బు రాదు. దాని శరీరపు వేడి 41, 42 సెంటీగ్రేడు డిగ్రీలు. ఆ వేడిలో ఈ శిలీంధ్రము చక్కగా పెరుగజాలదు. మన శరీరపు 37 డిగ్రీలు దానికి అనుకూలము. పావురపు రెట్టలో క్రియాటినిన్ మొదలగు నత్రజని పదార్థములు విస్తారముగా నుండును. అవి దానికి మంచి ఆహారము. నీడపట్టున ఎండిన రెట్టలో అది నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి బ్రతికియుండును.

ఇక భిలాయి సంగతి. సోవియట్ సహకారముతో వెలసిన ఇచ్చటి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. దానితోపాటు సెక్టార్లుగా నివాసగృహములు వెలసినవి. తెలుగు జిల్లాలనుండి వచ్చినవారు అనేకులు అందు కాపురముండిరి. పావురమునకు సహజనివాసము కొండ చరియ. ఎత్తైన షెడ్డు దూలము, మేడ చూరు, కిటికీపై సిమెంటు పలక దానికి కొండ చరియలే. అచ్చట వాన తగులదు, ఎండ సోకదు; రెట్ట పొరలు పొరలుగా పేరుకొనును. చుట్టుపట్ల దుర్గు జిల్లా వరిపొలములలో అట్లు కాదు. పక్షుల రెట్ట అంతటా చెదరిపడి, ఎండలో మాడి, వానకు కరగి మట్టిలో కలియును. మట్టిలోని అమీబాలు ఈ శిలీంధ్రమును తినివేయును కూడ. అట్లని పల్లె పూర్తిగా నిరపాయమనరాదు. మన దేశమున చెట్ల తొఱ్ఱలలోని కుళ్ళిన కొయ్యయందును ఇది దొరకినది. కావున పావురమొక్కటే దోషి యనుట న్యాయము కాదు.

ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చినప్పుడు కంటికి కనబడని రేణువులు గాలిలో లేచి ఊపిరితిత్తులలోనికి పోవును. ఆరోగ్యవంతుని శరీరము వానిని అణచివేయును. లేదా ఒక మూల బంధించి యుంచును. ఎయిడ్స్ వ్యాధివలన, అవయవమార్పిడి తరువాత వాడు మందులవలన, చిరకాలము స్టెరాయిడ్లు పుచ్చుకొనుటవలన రోగనిరోధకశక్తి తగ్గినచో ఆ బంధము సడలును. అప్పుడది రక్తముద్వారా మెదడు పొరలకు ప్రాకును. దినములు, వారములు తగ్గని తలనొప్పి, జ్వరము, వాంతులు, చూపు మసకబారుట, మతి చెదరుట దీని లక్షణములు. చికిత్స లేనిచో ప్రాణాపాయము తప్పదు. ఇది ఒకరినుండి మరియొకరికి అంటునది కాదు; రోగిని వెలివేయ నక్కరలేదు.

క్షయవలన కలుగు మెదడు పొరల వాపు సైతము ఇట్లే యుండును. కావున లక్షణములను బట్టి మందు నిర్ణయింపరాదు. వెన్నునుండి తీసిన నీటిలో నల్లసిరా కలిపి సూక్ష్మదర్శినితో చూచినచో నల్లని నేలపై తెల్లని వలయములవలె శిలీంధ్రములు కనబడును. ఈ సిరాకు చిక్కనివానిని సయితము ఆంటిజన్ పరీక్ష పట్టగలదు. మరియొక పరీక్ష మనకు ముచ్చట గొలుపును: 1962లో ష్టైబ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వలిసె గింజల సారముపై పెంచినచో ఈ శిలీంధ్రము గోధుమనలుపు రంగు పొందునని తెలిపెను. అరకు కొండలను పచ్చగా పూయించు వలిసెయే ఇది! ఆంఫోటెరిసిన్, ఫ్లూసైటోసిన్, ఫ్లూకొనజోల్ అను మందులు దీనిపై పనిచేయును. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని మిక్కిలి ప్రమాదకరమైన శిలీంధ్రముల వర్గమున చేర్చినది.

పావురముల రెక్కల గాలి పక్షవాతమునకు మంచిదని కొందరు నమ్ముదురు. దీనికి వైద్యశాస్త్రమున ఆధారము లేదు. పావురములను చంపనక్కరయు లేదు. గూడు కట్టు తావులకు వల బిగించి, వరండాలో గింజలు చల్లుట మానినచో అవి వేరొక చోటు చూచుకొనును. పేరుకొనిన రెట్టను పొడిగా ఊడ్వరాదు. సబ్బు నీరు చల్లి, బాగుగా నానిన పిదప, ముక్కునకు నోటికి బిగువైన మాస్కు, చేతులకు తొడుగులు ధరించి తీసి, సంచిలో మూతి కట్టి పారవేయవలెను. పైన చెప్పిన మందులు వాడుచున్నవారిని, రోగనిరోధకశక్తి తగ్గినవారిని ఈ పనికి పంపరాదు; శుభ్రపరచునప్పుడు వారు దగ్గర నిలువరాదు.