చేరినవారిని చదువున నిలుపుట

దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉప్పు సత్యాగ్రహమున కారాగారవాసము చేసి వచ్చిన పిమ్మట, ఇరువది యేండ్లు దాటిన వయసున మరల పుస్తకము పట్టి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ నెగ్గి, తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున బి.ఏ. చదువబోవగా, అచట స్త్రీలకు వసతిగృహము లేదని ప్రవేశము నిరాకరించిరి. అంతట ఆమె పత్రికలో ప్రకటన యిచ్చి, అదే కారణమున చదువు నిలిచిన యువతులను కూడగట్టి, వసతిని తామే కల్పించుకొని చదువు సాగించెను. అంతటి ధీరురాలికే ఇంత యత్నము వలసినపుడు, ఒంటరిగా చదువు మొదలిడు నడివయసు గృహిణి యెవరి నాశ్రయింపవలయును?

హైదరాబాదున 1982లో ఆచార్య జి. రాంరెడ్డి ప్రథమోపకులపతిగా వెలసి, 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర వర్ధిల్లుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, భారతదేశమున ఈ కోవకు చెందిన మొదటిది, బడిమెట్టు ఎక్కనివారిని సైతము అర్హతపరీక్ష ద్వారా డిగ్రీ చదువునకు ఆహ్వానించి, అధ్యయన కేంద్రములలో ఆదివారపు తరగతులు నడపి, పనిపాటలవారికి విద్యను చేరువ చేసినది. చేరుట సులభమయ్యెను, తుదముట్ట చదువుట కష్టముగనే యున్నది.

పెద్దవయసు విద్యార్థులు చదువు మానునపుడు ఎవరికిని చెప్పి మానరు. ఒక ఆదివారము మేనకోడలి పెండ్లిచూపులు వచ్చును, మరొక ఆదివారము బస్సు డిపోలో డ్యూటీ పడును, అత్తగారికి జబ్బు చేయును. రెండు తరగతులు తప్పినంతనే పాఠము అందక, ఇరువది యేండ్ల పిల్లల నడుమ సందేహ మడుగుటకు సిగ్గుపడి, ఇంగ్లీషు పేపరొకటి తప్పినచో తమకు బుద్ధి చాలదని తామే తీర్పు చెప్పుకొని, పరీక్ష ఫీజు గడువు దాటనిత్తురు. ఆ తీర్పు అన్యాయమైనదని నా దృఢవిశ్వాసము. సంసారము నడపి, పదిమందిలో పనిచేసినవారికి అర్థశాస్త్రమును, సమాజశాస్త్రమును గ్రహించుటకు వలసిన అనుభవము పుష్కలముగ కలదు. తప్పినది వ్రాత అలవాటు మాత్రమే.

కావున తొలి మాసములందే ఆదుకొనవలయును. బ్రిటనులో 1969లో స్థాపితమై 1971లో బోధన నారంభించిన ఓపెన్ యూనివర్సిటీ, రేడియో టెలివిజన్ పాఠములతో తృప్తిపడక, ట్యూటర్లను నియమించి, విద్యార్థులు పంపిన వ్యాసములను మార్కులతోడనే గాక వివరమైన వ్యాఖ్యలతో తిరిగి పంపు పద్ధతిని పాటించినది. ‘ఈ వాదము బాగున్నది, ఇచట ఒక ఉదాహరణ చేర్చుము’ అని మార్జినులో వ్రాసిన రెండు పంక్తులు, ఏండ్ల తరబడి మెప్పు నెరుగని విద్యార్థికి ఎంత ధైర్యము నిచ్చునో చదువు చెప్పినవారందరు ఎరుగుదురు.

2020 జాతీయ విద్యావిధానము నడుమ ఆగి మరల చేరు వెసులుబాటును, సంపాదించిన క్రెడిట్లను దాచుకొను ఏర్పాటును ప్రతిపాదించినది. మేలే, కాని ఆగినవారిని మరల పిలుచువారు ఉండవలయును. ప్రతి అధ్యయన కేంద్రమున, వరుసగ రెండు ఆదివారములు రానివారి పేర్లు చూచి, ఫోను చేసి, ‘రాలేదేమమ్మా? పోయిన పాఠము సాయంకాలము చెప్పెదము, ఫీజునకు ఇంకను పదిదినముల గడువున్నది’ అని చెప్పు ఉద్యోగి నొకరిని నియమించుట, క్రొత్త భవనము కట్టుటకంటె ముందు జరుగవలసిన పని.