ఇరుసు చెప్పే వయసు

మా బాబాయికి వరి కోసే చైను మిషను ఉంది. గోదావరి డెల్టాలో పదునారని చేలల్లో టైర్ల మిషను దిగబడిపోతుంది కాబట్టి రబ్బరు పట్టాల మీద నడిచేదే కావాలి. చేలో దానికి తిరుగులేదు. తారు రోడ్డెక్కితే మాత్రం పట్టాలు అరిగిపోతాయి, నడకా నత్తనడకే. ఒక ఊళ్ళో కోత అయ్యాక ఇంకో ఊరికి వెళ్ళాలంటే ప్రతిసారీ లారీ మాట్లాడుకోవాలి. ఆ కిరాయిలు కట్టి కట్టి విసిగిపోయి, ఈ సంక్రాంతికి నేను ఊరెళ్ళగానే "సెకండుహ్యాండులో ట్రక్కు ఒకటి చూశాన్రా. నువ్వూ ఓసారి చూసి చెప్పు" అన్నాడు. మా వైపు ట్రక్కంటే ట్రాక్టరు వెనక తగిలించేదే. తెలంగాణలో ట్రాలీ అంటారు. కాగితాల మీద దాని పేరు ట్రైలరు.

తణుకు దాటాక రోడ్డు పక్కన వెల్డింగు షెడ్డులో ఉందది. రెండు చక్రాల బండి. కొత్తగా నీలం రంగు వేశారు, పక్క డోర్ల మీద పసుపుపచ్చ పువ్వులు తీర్చారు. "నాలుగేళ్ళ బండేనండి, ఇటుకలు తోలాం అంతే" అన్నాడు అమ్మే ఆయన. బాబాయి చూపు ఆ పువ్వుల మీద ఉంది. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి వంగి ఇరుసు వైపు చూశాను.

ట్రైలరుకి ఇంజను లేదు, గేర్లు లేవు. అందుకే దాన్ని ఎవరూ యంత్రంగా లెక్కచెయ్యరు. కానీ ఒకసారి దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే, పాత ట్రక్కు ముందు నిలబడి ఏం చూడాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

మన ఎడ్లబండితో మొదలుపెడదాం. బండి తోలినవాళ్ళకి ముందు బరువు, వెనక బరువు అన్న మాటలు బాగా తెలుసు. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలు నలిపేస్తుంది. వెనక బరువైతే కాడి పైకి లేచి, పలుపులు గొంతులకి బిగుసుకుంటాయి. అందుకే బస్తాలు వేసేటప్పుడు కాడి ఎత్తి చూసి, మెడ మీద కాస్త మాత్రమే బరువు ఆనేలా సర్దేవారు. ఇదంతా మీటసూత్రం. ఇరుసే ఆధారం, దానికి అటూ ఇటూ బరువులు.

ట్రక్కుకీ ఇదే లెక్క. కొక్కెం నుంచి ఇరుసుకి పదడుగుల దూరం ఉందనుకోండి. చైను మిషను సుమారు మూడు టన్నులనుకుందాం. మిషను బరువుకేంద్రం ఇరుసుకి ఒక అడుగు ముందుంటే దాని బరువులో పదో వంతు, అంటే 300 కిలోలు, ట్రాక్టరు కొక్కెం మీద పడుతుంది. అదే ఇరుసుకి ఒక అడుగు వెనక ఉంటే ఆ 300 కిలోలూ కొక్కేన్ని పైకి లాగుతాయి. ఎక్కించేటప్పుడు ఇంకా ప్రమాదం. మిషను ర్యాంపు మీదుగా తోకవైపు నుంచి ఎక్కుతుంది. ఇరుసుకి నాలుగడుగుల వెనక ఉన్న క్షణంలో అది కొక్కేన్ని పన్నెండు వందల కిలోల బలంతో ఎత్తుతుంది. ట్రక్కు సొంత బరువు కొంత ఆపినా, ట్రాక్టరు వెనక చక్రాలు తేలిపోవచ్చు. బ్రేకులు పనిచేసేది ఆ చక్రాల మీదే. అందుకే మిషన్లు ఎక్కించే ట్రక్కుకి తోక కింద రెండు వైపులా గట్టి స్టాండ్లు ఉండి తీరాలి. మేం చూసిన బండికి అవి లేవు. ఇటుకల బండికి వాటితో పనిలేదు మరి.

మోటారు వెనక బండి కట్టిన తొలినాళ్ళ కథ ఒకటి కూడా సామాను మోతతోనే మొదలవుతుంది. 1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి తన పడవని వేసవి విడిదికి తీసుకెళ్ళాలనుకున్నాడు. గుర్రపు బళ్ళు చేసే కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్ దగ్గరికెళ్ళి, తన ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక తగిలించేలా ఒక బండి చేసిపెట్టమన్నాడు. అది బాగా పనిచెయ్యడంతో సిబ్లీ తన కలప మోయడానికీ అలాంటివే చేయించుకున్నాడు. 1918లో ఫ్రూహాఫ్ ట్రైలర్ కంపెనీ ఏర్పడింది.

చక్రం సాఫీగా తిరగడం వెనక ఇంకో బండ్లాయన ఉన్నాడు. అమెరికాలోనే సెయింట్ లూయిస్‌లో గుర్రపు బగ్గీలు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్, మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పక్కనుంచి పడే తోపుడుకి బేరింగులు పాడైపోవడం గమనించాడు. ఆయన బృందం గుండ్రటి రోలర్లను ఒక వైపు సన్నగా, శంకువు వాటంగా మలిచింది. పై నుంచి వచ్చే బరువునీ పక్కనుంచి వచ్చే తోపునీ ఒకే బేరింగు తట్టుకుంటుంది. 1898లో పేటెంటు వచ్చింది. ఈనాటికీ మన ట్రక్కు హబ్బుల్లో తిరిగేవి ఆ వాటం బేరింగులే. ఎడ్లబండికి కందెన ఎలాగో, వీటికి గ్రీజు అలాగ.

మూడో మలుపు హ్యారీ ఫెర్గూసన్‌ది. 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆయన ట్రాక్టరు టీఈ20 తయారీ మొదలైంది. చిన్న ట్రాక్టరు తేలిక. తేలికైనది బరువు లాగబోతే చక్రాలు జారిపోతాయి. ఫెర్గూసన్ తన రెండు చక్రాల ట్రైలరుకి ఇరుసుని బాగా వెనక్కి జరిపాడు. దాంతో సరుకు బరువులో కొంత వచ్చి ట్రాక్టరు వెనక చక్రాల మీద ఆనుతుంది. బరువు ఎక్కువయ్యేకొద్దీ పట్టు కూడా పెరుగుతుంది. మన బండి తోలేవాళ్ళు ఎడ్ల మెడల కోసం చూసుకున్న ముందు బరువునే ఆయన టైరు పట్టు కోసం వాడుకున్నాడు. నాలుగు చక్రాల ట్రక్కుకి ఈ లాభం లేదు. దాని బరువు దాని చక్రాల మీదే ఉంటుంది. లాగడం సుఖమే గానీ, ఆపాల్సి వచ్చినప్పుడు వెనక నుంచి తోసేస్తుంది.

మన దగ్గర ట్రాక్టర్లు తయారవడం 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. ట్రాక్టర్లు పెద్ద ఫ్యాక్టరీల నుంచి వస్తే, వాటి వెనక ట్రక్కులు ఎక్కువగా ఊరి షెడ్లలోనే పుట్టాయి. మన వెల్డర్లు కాగితం మీద బొమ్మ లేకుండానే ఛానళ్ళు కోసి, అతికి, నిలబెట్టేస్తారు. ఆ చేతుల నేర్పు మీద నాకు గౌరవం ఉంది. కాకపోతే అలా పుట్టిన ఏ రెండు బళ్ళూ ఒకలా ఉండవు. కంపెనీ పుస్తకం ఉండదు, ఎన్ని టన్నులకి కట్టారో రాసి ఉండదు. మరి దాని వయసు ఎలా తెలుస్తుంది?

ఇక్కడ రైలు కథ చెప్పాలి. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ముందు ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తగలబడ్డాయి. తలుపులకి తాళాలు వేసి ఉండడంతో 50 మందికి పైగా చనిపోయారు. బలమైన ఇనుము, మామూలు బరువే మోస్తూ ఎందుకు విరిగింది? స్కాట్లాండుకి చెందిన ఇంజనీరు రాంకిన్ విరిగిన ఇరుసులు పరిశీలించి, లావు నుంచి సన్నానికి ఉన్నట్టుండి మారే మూల దగ్గర పగులు పుట్టి, కొద్దికొద్దిగా లోపలికి పాకుతోందని చెప్పాడు. తర్వాత ప్రష్యా రైల్వేలో ఆగస్ట్ వోలర్ ఏళ్ళ తరబడి ఇరుసులను యంత్రాల మీద తిప్పి, వంచి, విరిగేదాకా లెక్కపెట్టాడు. ఒక్కసారికి విరగని బరువే లక్షసార్లు పడితే విరుస్తుందని 1870 నాటికి అంకెలతో చూపించాడు. దీన్నే లోహపు అలసట అంటాం.

మనిషి పడుకుంటే అలసట తీరుతుంది. ఇనుముకి తీరదు. పడ్డ ప్రతి దెబ్బా ఖాతాలో ఉండిపోతుంది. ట్రక్కు ఇరుసు రైలు ఇరుసులా తిరగదు, కానీ ప్రతి గుంటకీ వంగి లేస్తుంది. వెల్డింగు అతుకులకి ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం, ఒత్తిడి రెట్టింపైతే ఆయుష్షు సగానికి కాదు, దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మూడు టన్నులకి కట్టిన బండిలో ఆరు టన్నుల ఇసుకో ఇటుకో తోలితే నాలుగేళ్ళలో ముప్పయ్యేళ్ళ అరుగుదల వచ్చేస్తుంది. అందుకే "నాలుగేళ్ళ బండి" అన్న మాటకి విలువ లేదు. ఎంత మోసింది, ఎలాంటి దారిలో మోసింది అన్నదే దాని వయసు.

ఆ పగులు పెయింటు కింద కనపడదు. రైల్వే వర్క్‌షాపుల్లో దీనికొక పాత పద్ధతి ఉండేది. ఇరుసుకి నూనె పట్టించి, తుడిచేసి, పైన తెల్లటి సుద్ద పూసేవారు. పగులులో దాక్కున్న నూనె మెల్లగా ఊరి తెలుపు మీద గీతలా బయటపడేది. అమ్మే ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఇరుసుకి స్ప్రింగు కమ్మెలు బిగించే పట్టీ దగ్గర వెల్డింగు మీద పెయింటు గీకి, వైరుబ్రష్షుతో రుద్ది, గుడ్డతో డీజిలు పట్టించాం. పావుగంట ఆగి పొడిగా తుడిచి, సుద్దముక్క నూరి ఆ పొడి అద్దాం. టీ తాగి వచ్చేసరికి ఎడమ పక్క అతుకు అంచు వెంబడి గోధుమరంగు గీత ఒకటి తేలింది. పొడవు రెండంగుళాలు. వెంట్రుక కంటే సన్నం. బాబాయి మోకాళ్ళ మీద కూచుని దాన్ని చాలాసేపు చూశాడు. అమ్మే ఆయనకీ ఆ సంగతి తెలియదని ముఖం చూస్తేనే అర్థమైంది.

మిగతావి కూడా చూశాం. కొక్కెం రింగు మధ్య నుంచి ఇరుసు రెండు కొసలకీ పురికొస పట్టి కొలిచాం. రెండు దూరాలూ సమానంగా ఉంటే బండి తిన్నగా నడుస్తుంది. అరంగుళం తేడా వచ్చింది. అంటే ఎప్పుడో ఎక్కడో గట్టిగా తగిలి ఉంటుంది. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కొంచెం ఆడింది. అది బేరింగు బిగిస్తే పోయేది, పెద్ద ఖర్చు కాదు. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు చట్రంలో నాలుగంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని. అమ్మేటప్పుడు పైన నల్లరంగు పూసినా ఆ అంకెలు అబద్ధమాడవు.

ఆపడం గురించి కూడా ఆలోచించాలి. మిషను మూడు టన్నులు, ట్రక్కు ఒకటిన్నర, లాగే ట్రాక్టరు రెండు టన్నులే అనుకుంటే వెనకున్నది ముందున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ. గంటకి 20 కిలోమీటర్ల వేగం నుంచి 30కి వెళితే బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లవుతుంది. కాలవగట్టు దిగేటప్పుడు ట్రాక్టరు బ్రేకు మాత్రమే పట్టుకుంటే వెనక బరువు తోసి, రెండూ చాకు మడిచినట్టు మడుచుకుంటాయి. ట్రక్కుకి సొంత బ్రేకులుంటే వాటిని పనిచేయించాలి, లేకపోతే పెట్టించాలి.

కాగితాలూ ఇనుమంత ముఖ్యమే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా రిజిస్టరు కావాల్సిన వాహనమే. అదే రాష్ట్రంలో చేతులు మారితే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలి. 29, 30 నంబరు ఫారాలు అందుకే. అప్పు మీద తీసుకున్న బండైతే అప్పు తీరినట్టు 35వ నంబరు ఫారం అడగాలి. సొంత పొలం పనికని తీసుకున్న బీమా, కిరాయికి మిషను మోసేటప్పుడు అక్కరకి రాకపోవచ్చు. పాలసీలో ఆ మాట ఉందో లేదో కొనకముందే చదవాలి.

తిరిగి వస్తూ బాబాయితో లెక్క వేశాం. టైర్లు, బేరింగులు, చెక్కలు, కొక్కెం పిన్ను మార్చుకోదగ్గవి. వాటి ఖర్చు ధరలో తగ్గించమని అడగొచ్చు. ఇరుసు కూడా మార్చొచ్చు. కానీ ఇరుసు పగిలిందంటే అంతే బరువు మోసిన ఛానళ్ళూ స్ప్రింగు పట్టీలూ అలసిపోయి ఉంటాయి, పైగా చట్రం అరంగుళం వంకర. ఒకటి మార్చితే ఇంకోటి బయటపడుతుంది. "వద్దులేరా, మూడు టన్నులు నడిరోడ్డు మీద కూలితే వెనకొచ్చే సైకిలు కుర్రాడు ఏమైపోతాడు" అన్నాడు బాబాయి. ఆ బండి కొనలేదు. పగులు సంగతి మాత్రం ఆ షెడ్డాయనకి సుద్దగీత చూపించి మరీ చెప్పి వచ్చాం, ఇంకొకరికి అలాగే అమ్మెయ్యొద్దని.

పాత ట్రక్కు కొనడం తప్పేమీ కాదు. తక్కువ మోసి, మంచి దారిలో తిరిగి, ఇరుసు శుభ్రంగా ఉన్నదైతే పెయింటు ఊడిపోయినా తీసుకోండి. ఇరుసు దగ్గరో చట్రం దగ్గరో పగులు ఉన్నదైతే ఎంత చవకైనా వదిలెయ్యండి. చూడ్డానికి వెళ్ళేటప్పుడు బయానా డబ్బుతో పాటు ఒక సుద్దముక్క, చిన్న సీసాలో డీజిలు, నాలుగు బారల పురికొస తీసుకెళ్ళండి. వాటికయ్యే ఖర్చు ఓ కప్పు టీకి మించదు.