శాస్త్రవేత్తల వలసలు – జ్ఞానబదిలీ: గ్రంథమితి దృష్టిలో మదనపల్లె ఆరోగ్యవరం

వ్యాససంగ్రహం:

ఒక దేశం నుంచి మరొక దేశానికి వెళ్లిన శాస్త్రవేత్త వెంట జ్ఞానం ఎలా ప్రయాణిస్తుందో కొలవడానికి గ్రంథమితి పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో పనిచేసిన డేనిష్ వైద్యుల ప్రచురణలను ఉదాహరణగా తీసుకొని, ఈ పద్ధతులు దేనిని చూపగలవో, దేనిని చూపలేవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రంథమితి, ఉల్లేఖన, జ్ఞానబదిలీ, శాస్త్రవేత్తల వలస, ఆరోగ్యవరం, బి.సి.జి.

1. ఉపోద్ఘాతం:

ప్రచురితమైన రచనలను గణాంక పద్ధతులతో పరిశీలించే శాస్త్రానికి 1969లో అలన్ ప్రిచర్డ్ ‘బిబ్లియోమెట్రిక్స్’ అని పేరు పెట్టాడు. దీనినే తెలుగులో గ్రంథమితి అనవచ్చు. అంతకు ముందే యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను రూపొందించి, ఏ వ్యాసం ఏ వ్యాసాన్ని ఉల్లేఖించిందో వెదికే వీలు కల్పించాడు. ప్రతి పరిశోధనవ్యాసంలోనూ రచయిత పేరు, అతని సంస్థ చిరునామా, సహరచయితలు, ఉల్లేఖించిన రచనలు ఉంటాయి. ఒకే రచయిత చిరునామా ఒక దేశం నుంచి మరొక దేశానికి మారితే అతడు వలస వెళ్లినట్లు భావించడం ఈ పద్ధతికి పునాది.

2017లో కాసిడీ సుగిమోతో బృందం నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశీలన ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 2008–2015 మధ్య ప్రచురించిన సుమారు 1.6 కోట్ల మంది రచయితలలో దాదాపు 4 శాతం మంది మాత్రమే ఒకటికంటే ఎక్కువ దేశాల చిరునామాలతో కనిపించారు. అలా కదిలిన వారి రచనలకు, కదలని వారి రచనలకంటే సుమారు 40 శాతం ఎక్కువ ఉల్లేఖనలు లభించాయి. అయితే కదలిక వల్ల ఉల్లేఖనలు పెరిగాయా, లేక ముందే ప్రతిభ, అవకాశాలు ఉన్నవారే కదిలారా అన్నది ఈ సంఖ్య ఒక్కటే తేల్చలేదు.

2. జ్ఞానబదిలీని గుర్తించే ఆధారాలు:

మనిషి కదిలినంత మాత్రాన జ్ఞానం కదిలినట్లు కాదు. అందువల్ల వలసకు ముందు, తరువాత వెలువడిన రచనలను పోల్చవలసి ఉంటుంది. ఈ పోలికకు మూడు ఆధారాలు తోడ్పడతాయి. మొదటిది సహరచయితలు: కొత్త చోటి వారితో కలిసి రాయడం ప్రత్యక్ష పరిచయానికి గుర్తు. రెండవది పదజాలం: శీర్షికలలో, సంగ్రహాలలో కొత్త పదాలు చేరితే విషయం విస్తరించిందని అర్థం. మూడవది ఉల్లేఖనలు: వలస వచ్చిన వ్యక్తి వాడే మూలరచనలను స్థానిక సహచరులు కూడా వాడడం మొదలుపెడితే జ్ఞానం చేతులు మారిందని చెప్పవచ్చు. ఈ మూడింటిలోనూ బదిలీ ఇరువైపులా సాగవచ్చు. వచ్చినవాడు నేర్పినట్లే నేర్చుకుంటాడు కూడా.

3. ఆరోగ్యవరం ఉదాహరణ:

మదనపల్లె దగ్గర 1915లో యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయం ప్రారంభమైంది. ఆ చోటికి ఆరోగ్యవరం అన్న పేరు స్థిరపడింది. డెన్మార్క్‌కు చెందిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దీనికి తొలి నిర్వాహకుడు. అదే ఇంటిపేరు గల తరువాతి తరం వైద్యుడు యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ కూడా ఇక్కడే పరిశోధన సాగించాడు.

3.1. ఒక వ్యాధి – రెండు పేర్లు:

క్షయ లక్షణాలతో వచ్చినా, కఫంలో క్షయ క్రిములు కనిపించక, రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు మితిమీరి ఉన్న రోగులను గురించి క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్, బార్టన్ 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం ప్రకటించారు. క్షయ కాని రోగిని క్షయరోగిగా పొరబడకుండా ఉండడానికి ఈ గుర్తింపు ఎంతో ముఖ్యం. 1943లో వైన్‌గార్టెన్ లాన్సెట్ పత్రికలో ‘ట్రాపికల్ ఇయోసినోఫీలియా’ అన్న పేరుతో ఈ స్థితిని వర్ణించాడు. తరువాత అది ‘వైన్‌గార్టెన్ సిండ్రోమ్’ అని కూడా వ్యవహారంలోకి వచ్చింది. పేరు ఎవరిదన్నది మాత్రమే చూసేవారికి మదనపల్లె కనిపించదు. 1940 నాటి వ్యాసాన్ని ఉల్లేఖించిన రచనలను వెదికితేనే ఆ వరుస తిరిగి బయటపడుతుంది. ఉల్లేఖన విశ్లేషణ చేయగలిగే మేలు ఇది.

3.2. పల్లెల నుంచి ప్రపంచానికి:

యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ బృందం మదనపల్లె పరిసర గ్రామీణ జనాభాలో 1950–1955 మధ్య జరిపిన క్షయ పరిశీలన 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. బి.సి.జి. టీకా రక్షణపై 1964లో వచ్చిన వ్యాసానికి థామస్, పార్థసారథి సహరచయితలు. 1973 నాటి నివేదికకు ఆచార్యులు, కేశవ పిళ్లై సహరచయితలు. సహరచయితల ఆధారం ఇక్కడ స్పష్టంగా ఉంది: బయటినుంచి వచ్చిన వైద్యుడి పక్కన దక్షిణ భారతీయుల పేర్లు నిలిచాయి.

1994లో కోల్డిట్జ్ బృందం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో బి.సి.జి. ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించింది. అందులోని 13 ప్రయోగాల పట్టికలో మదనపల్లె ఫలితం ఒక వరుస: టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ సోకింది. అంటే ముప్పు సుమారు 20 శాతం తక్కువ. ఆ తేడా కాకతాళీయం కాదని గణాంకపరంగా చెప్పడానికి ఇది చాలదు. 52 డిగ్రీల అక్షాంశంలో ఉన్న బ్రిటన్ ప్రయోగంలో మాత్రం ముప్పు సుమారు 76 శాతం తగ్గింది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ టీకా రక్షణ తగ్గుతున్నదన్న పరిశీలనకు, 13 డిగ్రీల అక్షాంశంలోని మదనపల్లె ఒక ముఖ్య ఆధారమైంది.

4. లెక్కకు అందనివి:

ఈ 13 ప్రయోగాల పట్టిక ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని ‘మెటాఫర్’ ప్యాకేజీలో బోధనకు ఉదాహరణగా ఉంది. అందులో రచయిత పేరు, సంవత్సరం, అక్షాంశం ఉంటాయి కాని ఊరి పేరు ఉండదు. సహరచయితలు ‘ఇతరులు’ అన్న ఒక్క మాటలో కలిసిపోతారు. పట్టికకు మూలంగా 1994 వ్యాసం ఉండడం వల్ల, దానిని వాడేవారికి 1973 నివేదికను ఉల్లేఖించే అవసరమే రాదు. బాగా కలిసిపోయిన జ్ఞానం మూలం చెరిగిపోతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించిన స్థితి ఇదే. ఎంత ఎక్కువగా వాడితే ఉల్లేఖన అంత తగ్గే సందర్భాలు కూడా ఉంటాయన్న మాట.

పేర్ల చిక్కు మరొకటి. ఫ్రిమోట్-మోలర్ ఇంటిపేరు వేర్వేరు వర్ణక్రమాలతో అచ్చయింది. ‘సి.’, ‘జె.’ అన్న ఒక్క పొడి అక్షరమే ఇద్దరు వ్యక్తులను వేరుచేస్తుంది. తెలుగువారిలో ఇంటిపేరు ముందుండడం, పొడి అక్షరాలుగా కుదించడం ఈ చిక్కును పెంచుతాయి. 2012లో వచ్చిన ఆర్కిడ్ సంఖ్య నేటి రచయితలకు ఉపకరిస్తుంది కాని పాతవారికి కాదు.

మొదటి చిరునామాకు ముందున్న జీవితం కూడా లెక్కకు అందదు. భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆ వ్యాసంపై ఉన్న చిరునామా హార్వర్డ్ వైద్య కళాశాలది. ఆ చిరునామాను మాత్రమే నమ్మే లెక్కలో అతడు వలస వెళ్లినవాడే కాడు.

చివరగా, ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసినవారు, చెయ్యి చాచి టీకా వేయించుకున్న పల్లె జనం ఏ వ్యాసానికీ రచయితలు కారు. ఆరోగ్యవరంలో పనిచేసి, తరువాత భారత ప్రభుత్వానికి క్షయ వ్యవహారాల సలహాదారు అయిన పి. వి. బెంజమిన్ వంటివారి ప్రభావం కూడా ఉల్లేఖనలలో కంటే పాలనలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

5. ముగింపు:

- గ్రంథమితి వలసను, సహరచనను, ఉల్లేఖన వరుసను చూపగలదు. మరుగునపడిన తొలి రచనను వెలికితీయడంలో దాని బలం ఎక్కువ.
- జ్ఞానం పడమటి నుంచి తూర్పుకు మాత్రమే వచ్చిందన్న భావనను మదనపల్లె ఉదాహరణ సవరిస్తుంది. డెన్మార్క్ నుంచి వైద్యుడు వచ్చాడు. మదనపల్లె పల్లెల నుంచి ప్రపంచానికి ఆధారం వెళ్లింది.
- ఉల్లేఖనల సంఖ్య తక్కువగా ఉన్నంత మాత్రాన ప్రభావం లేదని తీర్పు చెప్పరాదు. నిధులకు, గుర్తింపుకు ఈ సంఖ్యలే కొలమానమవుతున్న రోజులలో, సంస్థల నివేదికలు, స్థానిక దస్త్రాలు, జీవితచరిత్రలతో వాటిని సరిచూడడం అవసరం. లేకపోతే పట్టికలో అక్షాంశం మిగులుతుంది, ఊరు మిగలదు.