కడలి యడుగున కన్ను

మన పూర్వులు సముద్రమును రత్నాకరమని పిలిచిరి. కాని ఆ రత్నాకరపు టడుగు ఎట్లుండునో కన్నులార చూచినవారు లేరు. నేలమీది యడవిని నరికినచో మోడులు మిగులును. బాటసారి వానిని చూచి వగచును. సముద్రగర్భమున ఒక జీవనివాసము నశించినచో, పైన అల ఎప్పటివలెనే లేచును, విరుగును. ఆ నష్టమునకు సాక్షి యుండడు. నేడు అట్టి సాక్షిగా పనిచేయుచున్నది నీటిలోనికి దింపు కెమెరా.

పూర్వము నావికులు సీసపు గుండునకు త్రాడు కట్టి సముద్రపు లోతును కొలిచెడివారు. గుండు క్రిందిభాగమున కొవ్వు పూసి, దానికంటుకొని వచ్చిన ఇసుకనో బురదనో చూచి అడుగు ఎట్టిదో ఊహించెడివారు. 1872 మొదలు 1876 వరకు సముద్రములను చుట్టివచ్చిన చాలెంజరు అను ఆంగ్లనౌకలోని శాస్త్రజ్ఞులు, సంచులవంటి వలలను అడుగున ఈడ్చి వేలకొలది క్రొత్తజీవులను పైకి తెచ్చిరి. శాస్త్రమునకది గొప్ప లాభము. అయినను ఆ పద్ధతి, చీకటిలో తోటపై కొక్కెమును లాగి, దానికి చిక్కిన ఆకులనుబట్టి తోటను వర్ణించుట వంటిది. ఏది దేని సరసన నున్నదో తెలియదు. లాగుటలో తోటకు హానియు కలుగును. 1893 లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ బూటాన్ నీటిలో మునిగి ఛాయాచిత్రములను తీసెను. జీవులను కదల్పక, వాని నెలవునందే చూచుటకు మార్గమేర్పడెను.

సముద్రపుటడుగును చిత్రించుట నేలమీద చిత్రించుట వంటిది కాదు. మొదటి యడ్డంకి చీకటి. సూర్యకాంతిలోని ఎరుపువన్నెను నీరు పైపొరలలోనే మ్రింగివేయును. 200 మీటర్లు దాటినపిమ్మట మొక్కలు బ్రతుకుటకు చాలినంత వెలుగుండదు. 1,000 మీటర్ల క్రింద ఎల్లప్పుడును కటికచీకటియే. రెండవ యడ్డంకి ఒత్తిడి. ప్రతి పది మీటర్లకు అది ఒక వాతావరణపు ఒత్తిడి చొప్పున పెరుగును. 1,000 మీటర్ల లోతున ఉపరితలమునకంటె సుమారు నూరురెట్లుండును. కావున కెమెరాను దళసరి లోహపు గొట్టములో భద్రపరచి, దట్టమైన గాజుపలకగుండ చూచునట్లు అమర్చుదురు. ప్రక్కన ప్రబలమైన దీపముల నుంచుదురు.

అంతటి విశాలమైన అడుగు నంతయు చిత్రించి ముగించుట అసాధ్యము. అందుచే ముందు ధ్వని, పిమ్మట చూపు అను క్రమము నవలంబింతురు. నౌకనుండి సోనార్ అను సాధనముచే ధ్వనితరంగములను పంపుదురు. సముద్రజలమున ధ్వని సెకనునకు సుమారు 1,500 మీటర్లు పయనించును. కావున 1,000 మీటర్ల లోతునకు పోయి మరలివచ్చుటకు దానికి ఒక సెకనును, మరి మూడవవంతు సెకనును పట్టును. ప్రతిధ్వని వచ్చు కాలమునుబట్టి మిట్టపల్లములును, దాని బలమునుబట్టి అడుగు గట్టిదో మెత్తనిదో తెలియును.

ఇట్లు పటము సిద్ధమైన తరువాత, వింతగా తోచిన చోట్లకు కెమెరాను దింపుదురు. నౌక మెల్లగా సాగుచుండ, ఉక్కుమోకుకు వ్రేలాడు చట్రము అడుగునకు కొలది మీటర్ల యెత్తున కదలుచు వరుసగా చిత్రములను తీయును. చట్రమునుండి రెండు లేసరు కిరణములు సమాంతరముగా క్రిందికి పడును. ఆ రెండు చుక్కల నడిమి దూరము ముందే తెలిసియుండుటచే, అదియే కొలబద్దయై ప్రతి జీవి పరిమాణమును తెలుపును. పిదప శాస్త్రజ్ఞులు ఒక్కొక్క చిత్రమును పరిశీలించి, అందు ఏ జీవులు ఎన్ని యున్నవో, నేల ఇసుకయో రాయియో లెక్క వ్రాయుదురు. ఈ లెక్కలో నేడు కంప్యూటరును సాయపడుచున్నది.

ఈ శ్రమ యెట్టి ఫలమిచ్చునో స్కాట్లండు దేశమునకు సమీపమున జరిగిన కథ తెలుపుచున్నది. ఆ దేశపు వాయవ్యపు కొననుండి సుమారు 185 కిలోమీటర్ల దూరమున, దాదాపు 1,000 మీటర్ల లోతున, 1998 లో సోనార్ పటముపై వందలకొలది చిన్న మచ్చలు కనబడెను. చమురు అన్వేషణ జరుగు ప్రాంతమున ఏ జీవులున్నవో తెలిసికొనుటకు చేసిన పరిశీలన అది. కెమెరాను దింపి చూడగా, ఆ మచ్చలు ఇసుకదిబ్బలని తేలెను. అవి ఐదు మీటర్లవరకు ఎత్తును, 75 మీటర్లవరకు వెడల్పును కలిగియుండెను. వానిపై లోఫీలియా అను పగడపుజాతి పొదలుపొదలుగా పెరిగియుండెను. పగడము మొక్కగా కనబడినను ప్రాణియే. వెచ్చని తీరజలములందలి పగడపుదిబ్బలవలె గాక, లోఫీలియాకు సూర్యకాంతి అక్కరలేదు. ప్రవాహము తెచ్చు సూక్ష్మాహారమును పట్టుకొని చల్లని చీకటిలో బ్రతుకును. దాని కొమ్మలసందున అనేక ప్రాణులు తలదాచుకొనును. అచ్చటికి పోయిన పరిశోధననౌక పేరు చార్లెస్ డార్విన్. దానినిబట్టి ఆ దిబ్బలకు డార్విన్ దిబ్బలు అను పేరు వచ్చెను.

2000 వ సంవత్సరపు వేసవిలో వేరొక దృశ్యము బయటపడెను. తూర్పుభాగమునందలి దిబ్బలపై విరిగిన పగడపుముక్కలు చెదరి పడియుండెను. ఇసుకలో పొడవైన చాళ్ళు తెగియుండెను. అవి ట్రాల్ వలల జాడలు. ట్రాల్ వల యనగా సంచివంటి పెద్దవల. దాని నోరు తెరచుకొనియుండుటకు ఇరువైపుల బరువైన పలకలుండును. మరపడవ దానిని అడుగు వెంబడి లాగును. విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి రొయ్యలకై వెడలు మరపడవలును ఇట్టి వలలనే వాడును. లోఫీలియా ఏడాదికి ఒక సెంటీమీటరునకు అటునిటుగా మాత్రమే పెరుగును. ఏండ్లకేండ్లు పెరిగిన పొదను వల ఒక్క ఈడ్పులో పొడిచేయును. జాలరికి పగడముపై పగ లేదు. అతని జీవనము చేపలపై నున్నది. అతని చూపు కిలోమీటరు లోతునకు పోదు. కాని తెలిసి విరిచినను, తెలియక విరిచినను విరిగిన కొమ్మకు భేదము లేదు.

ఆ చిత్రములు చూచినపిమ్మట, అడుగున ఏమున్నదని శంకించుటకు తావు లేకపోయెను. 2003 ఆగస్టులో ఐరోపా సమాఖ్య ఆ ప్రాంతమున అడుగును తాకు ట్రాల్ వలలను అత్యవసరముగా నిషేధించెను. 2004 మార్చిలో ఆ నిషేధమును శాశ్వతము చేసెను. పడవలు తామున్న చోటును ఉపగ్రహములద్వారా తెలుపుచుండుటచే, జాలరులు చాలవరకు ఆ యాజ్ఞను పాటించిరని తెలియవచ్చెను.

అంతటితో కథ ముగియలేదు. ఎనిమిదేండ్లకు, అనగా 2011 లో, శాస్త్రజ్ఞులు జేమ్స్ కుక్ అను నౌకపై మరల అచ్చటికి పోయిరి. ఈసారి మోకు లేకయే స్వయముగా ఈదుచు పరిశీలించు ఆటోసబ్ అను యంత్రమును కూడ దింపిరి. వారు చూచిన ఫలితము రెండు విధములుగ నుండెను. పడమటిభాగమున, వలల తాకిడి తక్కువగానున్న చోట, సజీవమైన పగడములు మునుపటివలెనే యుండెను. తూర్పుభాగమున మాత్రము క్రొత్త పగడము నాటుకొనిన జాడ లేదు. మిగిలినవి పెరిగినదియు మిక్కిలి స్వల్పము. నిషేధము ఉన్నదానిని కాపాడగలిగెను. పోయినదానిని ఎనిమిదేండ్లలో తిరిగి తేలేకపోయెను.

కెమెరా సర్వమును చూపజాలదు. ఇసుకలో దాగిన ప్రాణులు దానికి కనబడవు. దీపపు వెలుగునకు కొన్ని చేపలు పారిపోవును, కొన్ని దగ్గరకు చేరును. కావున లెక్క తప్పవచ్చును. నీరు కలగినచో చిత్రము మసకబారును. అయినను అది చూచినదానిని విరువదు. నేడు తీసిన చిత్రమును పదేండ్ల తరువాత మరియొకరు తీసిన చిత్రముతో పోల్చవచ్చును. డార్విన్ దిబ్బలయందు జరిగినది ఆ పోలికయే. మొదటి చిత్రములు లేకున్నచో, 2011 లో పోయినవారు తూర్పుభాగపు ముక్కలను చూచి, ఈ చోటు ఎప్పుడును ఇట్లే యుండెనని తలచియుందురు.

కావున వల పడుటకు ముందే కన్ను పడవలెను. సముద్రమున నింకను ఎవరి చూపును సోకని తావులు విస్తారముగ నున్నవి. అచ్చట ఏమున్నదో చూచి, లెక్కించి, చెడకముందే లోకమునకు చాటు పని మిగిలియున్నది. ఆ పని నేటి విద్యార్థులలో కొందరి చేతికి రాగలదు.