మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో మీకు తెలుసా?

ఈరోజు ఎపిసోడ్ మా ఇంట్లోనే మొదలైంది.

మా నాన్న పేరు మీద మూడు సిమ్‌లు. ఆయనది, అమ్మది, తమ్ముడిది. మొన్న ఊరెళ్లినప్పుడు ఊరికే చెక్ చేస్తే లిస్టులో నాలుగు కనిపించాయి. నాన్న మొహం మారిపోయింది. "ఒరేయ్, పోలీసులు వస్తారా?" అన్నారు.

ఆలోచిస్తే గుర్తొచ్చింది. తమ్ముడి సిమ్‌ని రోడ్డు పక్కన గొడుగు కింద ఒకతని దగ్గర తీసుకున్నారు. "వేలిముద్ర సరిగ్గా పడలేదండీ, ఇంకోసారి పెట్టండి" అన్నాడట. అక్కడే జరిగిందని నా దగ్గర ప్రూఫ్ లేదు. కానీ ఇది బాగా తెలిసిన ట్రిక్కే. ఆ రెండో ముద్రతో ఇంకో సిమ్ యాక్టివేట్ చేసేస్తారు. అది ఏ మోసగాడి చేతికి వెళ్లినా, పోలీసులు ముందు తలుపు కొట్టేది పేరున్నవాళ్ల ఇంటికే.

మరి చట్టం ఏమంటోంది? మొన్నమొన్నటి దాకా మనకి ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. దాని బదులు 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. అందులో కొన్ని సెక్షన్లు 2024 జూన్ 26 నుంచి అమల్లోకి వచ్చాయి. మనకి కావాల్సినవి రెండే పాయింట్లు.

ఒకటి, లిమిట్. ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌లు. జమ్మూ కశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో 6. దాటితే మొదటిసారి 50 వేల దాకా, తర్వాత ప్రతిసారీ 2 లక్షల దాకా జరిమానా. రెండు, వేరేవాళ్ల ఐడీతో మోసం చేసి సిమ్ తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే నాన్న ఇక్కడ నేరస్తుడు కాదు, బాధితుడు. ఆ మాట చెప్పాకే ఆయన కాఫీ తాగారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. సంచార్ సాథీ పోర్టల్ కానీ యాప్ కానీ ఓపెన్ చేయండి. మీ పేరు మీద ఉన్న కనెక్షన్లు చూసే ఆప్షన్‌లో మీ నంబరు, ఓటీపీ ఇస్తే చాలు, లిస్టు వస్తుంది. ఈ సదుపాయం 2021లో మొదట వచ్చింది మన ఆంధ్ర, తెలంగాణలకే, తెలుసా?

ప్రతి నంబరు పక్కన ఆప్షన్లు ఉంటాయి. అసలు మీది కాకపోతే 'నాట్ మై నంబర్'. మీదే కానీ ఇప్పుడు వాడకపోతే 'నాట్ రిక్వైర్డ్'. కంగారులో అమ్మ నంబరు మీద నొక్కేయకండి! చివరి అంకెలు చూసుకుని నొక్కండి. రిపోర్ట్ చేశాక వచ్చే రిఫరెన్స్ నంబర్‌ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. మా నాన్న విషయంలో కొన్ని రోజులకి ఆ నాలుగో నంబరు లిస్టులోంచి పోయింది.

ఇంకోటి. షాపులో రెండోసారి వేలిముద్ర అడిగితే, అది ప్రతిసారీ మోసం అని కాదు. నిజంగానే ఫెయిల్ అవ్వొచ్చు. "ముందు ఎర్రర్ చూపించన్నా" అని అడగండి. మొహమాటపడొద్దు. హాస్టల్ ఫ్రెండ్ అడిగాడని మీ ఆధార్‌తో సిమ్ తీసివ్వడం కూడా వద్దు.

మీది చూసుకున్నాక ఫోన్ పక్కన పెట్టేయకండి. అమ్మానాన్నలది, తాతయ్యది కూడా చూడండి. వాళ్లకి ఈ పోర్టల్ ఉందని చెప్పేది మనమే కదా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!