ముప్పై డిగ్రీల ఊళ్లో ఉన్ని కోటు

ఏప్రిల్లో బదిలీ ఉత్తర్వు వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి సిమ్లాకు. (2024 సెప్టెంబరు నుంచి ఈ ఊరి పేరు శ్రీ విజయపురం. నోటికి ఇంకా పాత పేరే వస్తోంది.) సముద్రం ఒడ్డు నుంచి ఏకంగా రెండు వేల మీటర్లకు పైగా ఎత్తుకి. నాకు భయం లేదు, పాతికేళ్లలో తొమ్మిది ఊళ్లు చూశాను. భయమంతా అమ్మకు. డెబ్బై రెండేళ్ల మనిషి, శ్రీకాకుళం జిల్లాలో పుట్టి పెరిగింది, నాతోపాటు డిగ్నాబాద్‌కు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ల మధ్య హాయిగా కుదురుకుంది. ఉత్తర్వు సంగతి చెప్పగానే, "ఓలమ్మ, ఈ వయసులో ఆ సలికి నానేటి సేస్తానే? తమ్ముడి కాడ దింపేసి నువ్వెల్లు" అంది.

రెడీమేడ్ కోటు కొంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. రెండు తెప్పించాను, రెండూ తిప్పి పంపాను. అమ్మకు వీపు వంగింది. వంగిన వీపు కోటు పొడవును మింగేస్తుంది: వెనక అంచు పైకి లేస్తుంది, ముందు అంచు కిందికి వేలాడుతుంది, మెడ దగ్గర కాలరు విడిపోయి నిలబడుతుంది. చలిగాలి దూరేది సరిగ్గా ఆ సందులోంచే. పైగా ఆ కోట్లు ప్యాంటు వేసుకునేవాళ్ల కోసం కుట్టినవి. చీర కుచ్చిళ్ల మీద బొత్తాలు పట్టవు. అందుకే నేనే కుడతానన్నాను. జాకెట్లు, గౌన్లు తప్ప ఎప్పుడూ ఏమీ కుట్టి ఎరగను.

ఆధారం కాగితం ప్యాటర్న్. అంటే కోటులోని ఒక్కో ముక్కనూ అసలు కొలతలో గీసి ఇచ్చిన పలచని కాగితాలు. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో వేర్వేరు సైజుల్లో వీటిని మొదలుపెట్టాడు. ఇంట్లో మిషన్ ఉన్న ప్రతివాళ్లూ దర్జీ అయ్యే దారి అప్పుడు తెరుచుకుంది. కొన్ని కంపెనీల కాగితాల్లో కుట్టుకు వదలాల్సిన 1.5 సెంటీమీటర్లు కలిపే ఉంటాయి. జర్మన్ పత్రిక బుర్దాలో వచ్చే వాటిలో ఉండవు, మనమే కలుపుకోవాలి. ఇది చూసుకోకుండా కత్తెర పెడితే కోటు ఒక సైజు తగ్గిపోతుంది.

కోటు వెచ్చగా ఎందుకుంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. వేడి పుట్టించేది మన ఒళ్లే, గుడ్డ కాదు. ఆ వేడిని పోనివ్వకుండా ఆపేది గుడ్డలో, గుడ్డకూ ఒంటికీ మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఉన్ని పోగు సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది కాబట్టి ఎక్కువ గాలిని పట్టి ఉంచుతుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. అందువల్ల కోటును ఒంటికి అతుక్కునేలా కుట్టడం తప్పు. ఛాతీ కొలతకు 5, 6 అంగుళాలు వదులు ఇవ్వాలి. ఆ కొలత కూడా చీర, స్వెట్టరు వేసుకున్నాకే తీయాలి. మరీ వదులైతే నడిచినప్పుడల్లా లోపలి గాలి బయటికి పోతుంది. అదీ నష్టమే.

ఇక వీపు. వెనక ముక్క కాగితం మీద, వీపు బాగా ఎత్తుగా ఉన్న చోట అడ్డంగా గీత గీశాను. నడి వీపు నుంచి చంక దాకా కత్తిరించి, చంక దగ్గర కొస మాత్రం తెగకుండా ఉంచి, నడిమి వైపు ఒక అంగుళం తెరిచాను. ఆ సందు కింద వేరే కాగితం పెట్టి అంటించాను. ఇప్పుడు నడి వీపు గీత వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ నిలువు కుట్టు తప్పదు. ముందు ముక్కలో మాత్రం ఛాతీ పైన అర అంగుళం మడిచేశాను. కాగితాన్ని మనిషి ఆకారానికి తేవడం ఇంతే. చెప్పడానికి మూడు వాక్యాలు, చేయడానికి రెండు ఆదివారాలు.

తర్వాత పాత దుప్పటితో ఒక ఉత్తుత్తి కోటు కుట్టాను. ఎంబీఏలో పైలట్ ప్రాజెక్టు గురించి పేజీలకు పేజీలు రాశాను కానీ, దాని విలువ ఈ దుప్పటి దగ్గరే తెలిసింది. రెండు చేతులూ ఎడమవే కత్తిరించాను! ఉన్ని గుడ్డ మీద ఆ పని చేసి ఉంటే లూధియానా నుంచి మళ్లీ తెప్పించుకోవాలి. దీవులకు పార్సిల్ అనగానే సగం మంది అమ్మకందార్లు పంపలేమంటారు. దుప్పటి కోటు తొడిగి అమ్మను చేతులెత్తమంటే కోటంతా పైకి లేచింది. చంక బిగుతేమో అని ఇంకా కిందికి తీయబోయాను. నిజానికి చంక గుండ్రం కిందికి పోయేకొద్దీ చెయ్యి ఎత్తితే కోటు మొత్తం లేస్తుంది. పైకి జరిపాకే చెయ్యి ఆడింది.

చీర పైట మరో చిక్కు. ఎడమ భుజం మీద మడతలన్నీ చేరి అర అంగుళం ఎత్తు పెరుగుతుంది. కోటు కింద పైటను మడతలు లేకుండా ఒంటి పొరగా చుట్టుకోమన్నాను, ఒప్పుకోలేదు. కుడి భుజం లోపల పలచని ప్యాడ్ పెట్టి రెండు వైపులా సమం చేశాను. కుచ్చిళ్ల కోసం నడుము కింద ఘేరు పెంచాను. ముందు రెక్కలు నాలుగు అంగుళాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా చేశాను, ఛాతీ మీద రెండు పొరలవుతాయి.

ఉన్నిని కత్తిరించే ముందు పది సెంటీమీటర్ల చదరపు ముక్క తీసి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసి మళ్లీ కొలవాలి. తగ్గితే మొత్తం గుడ్డకూ అలాగే ఆవిరి పట్టించాకే కత్తెర పెట్టాలి. కాగితం మీది బాణం గుర్తు పడుగు పోగు వెంట, అంటే గుడ్డ అంచుకు సమాంతరంగా ఉండాలి. ముక్కలన్నీ ఒకే దిక్కున పరచాలి. నూగు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే రంగులు తేడాగా కనిపిస్తాయి. మిషన్‌కు 16వ నంబరు సూది వేశాను. ఈ ఊరి తేమకు గుండుసూదులు వారంలో తుప్పు పడతాయి, ఉన్నికి మరక అంటిస్తాయి. రాత్రి పూట ఒక్కటీ గుడ్డలో ఉంచకూడదు.

లోపలి అస్తరు నున్నటి శాటిన్. నూలు చీర మీద ఉన్ని పట్టుకుంటుంది, శాటిన్ జారుతుంది. అస్తరులో నడి వీపు వెంట ఒక అంగుళం మడత వదలాలి. లేకపోతే చేతులు ముందుకు చాచిన మొదటి రోజే అస్తరు పిగులుతుంది.

కుట్టడం అయింది, పరీక్షించడం ఎలా? బయట ముప్పై డిగ్రీలు, ఫ్యాను కింద కూడా చెమట. సర్వర్ గదిలోకి బయటివాళ్లను తీసుకెళ్లకూడదని తెలుసు కదా. ఒక ఆదివారం సాయంత్రం మా ఏటీఎం గదిలో ఏసీని 16 మీద పెట్టి అమ్మను పది నిమిషాలు నిలబెట్టాను. డబ్బు తీసుకోవడానికి వచ్చిన ఒకాయన, కోటులో నిలబడ్డ పెద్దావిడను చూసి మెల్లగా వెనక్కి తగ్గాడు. సిమ్లా జనవరికి ఇది సాటి రాదని నాకూ తెలుసు. బయటికి వచ్చాక అమ్మ, "సేతులు సల్లబడ్డాయి గానీ ఈపుకి గాలి తగల్లేదే" అంది.

ఇంటికి రాగానే లోపలివైపు కళ్లజోడుకు జేబు లేదని తప్పు పట్టింది. కాజాలు నేను మిషన్ మీద కుట్టినవి నచ్చక, రెండు విప్పేసి తనే చేత్తో కుట్టుకుంది. మూడో కాజా సగంలో ఉండగా, "అక్కడ మంచినీళ్లు గడ్డ కట్టేత్తాయట, నిజవేనా?" అని అడిగింది. మర్నాడు ఇద్దరికీ టిక్కెట్లు తీశాను.